లండన్‌లో సైన్స్ లెక్చర్లు: వేటికి వెళ్ళాలి, వేటికి డబ్బులు పెట్టక్కర్లేదు

లండన్‌కి చదువుకోడానికో ఉద్యోగానికో వచ్చి, సాయంత్రం క్లాసో ఆఫీసో అయ్యాక ఎటు వెళ్ళాలో తెలీక రూమ్‌కొచ్చి ఫోన్ చూస్తూ పడుకుంటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా, పిల్లలతో ఉన్నవాళ్ళకి కూడా పనికొస్తుంది. ఈ ఊళ్ళో కాలేజీలు నడిచే నెలల్లో ఏ వారం చూసినా ఎక్కడో ఒకచోట ఒక సైంటిస్ట్ నిలబడి మామూలు జనానికి తన పని గురించి చెప్తూ ఉంటారు, అందులో చాలావరకు ఫ్రీ, డిగ్రీ అడగరు, ఐడీ కార్డు అడగరు, పేరు రిజిస్టర్ చేసుకుని వెళ్ళి కూర్చోవడమే. మనవాళ్ళు టవర్ బ్రిడ్జి చూస్తారు, లండన్ ఐ ఎక్కుతారు, వీటి గురించి మాత్రం చాలామందికి తెలీనే తెలీదు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది. నేను కొన్నేళ్ళుగా వీటికి తిరుగుతున్నా, అన్నీ బాగుంటాయని చెప్పను, కొన్నిటికి పెట్టిన డబ్బు దండగ. నా లెక్క ఒక్కటే: వచ్చిన మనిషి "ఇది ఇలా ఉంటుంది" అని చెప్పి వెళ్ళిపోతున్నారా, లేక "ఇది ఇలా ఉంటుందని మాకు ఎలా తెలిసిందంటే" అని చెప్తున్నారా. రెండోది ఎక్కడ దొరుకుతుందో అక్కడికి వెళ్ళండి, మొదటిది యూట్యూబ్‌లో కావాల్సినంత ఉంది.

ముందు గ్రెషమ్ కాలేజ్. పేరుకి కాలేజ్ గానీ ఇక్కడ స్టూడెంట్లు లేరు, పరీక్షలు లేవు, డిగ్రీలు ఇవ్వరు, లెక్చర్లు మాత్రమే ఉంటాయి, అవి కూడా 1597 నుంచి జనానికి ఫ్రీగా. సర్ థామస్ గ్రెషమ్ అని ఒక వ్యాపారి, 1579లో చనిపోయాడు, తన ఆస్తి మీద వచ్చే ఆదాయంతో ఊళ్ళోవాళ్ళకి పాఠాలు చెప్పించమని వీలునామా రాసిపెట్టాడు, ఆస్ట్రానమీ, జామెట్రీ, ఫిజిక్ అంటే వైద్యం, మ్యూజిక్, లా ఇలా ఒక్కోదానికి ఒక ప్రొఫెసర్. ఆ పదవులు ఈరోజుకీ ఉన్నాయి. సెయింట్ పాల్స్ కట్టిన క్రిస్టఫర్ రెన్ ఇక్కడ ఆస్ట్రానమీ ప్రొఫెసర్, 1660 నవంబర్ 28న ఆయన లెక్చర్ అయ్యాక ఓ 12 మంది కూర్చుని మాట్లాడుకున్న మాటల్లోంచే రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘం పుట్టింది, అంటే లెక్చర్ తర్వాత వెంటనే ఇంటికి వెళ్ళిపోకుండా ఆగి మాట్లాడుకుంటే ఏమవుతుందో చూడండి. రాబర్ట్ హుక్ ఇక్కడే జామెట్రీ చెప్పాడు. ఈ మధ్య కాలంలో చూస్తే క్రిస్ విట్టీ, కోవిడ్ టైంలో ఇక్కడ టీవీలో రోజూ కనిపించిన డాక్టర్, ఆయన 2018లోనే ఇక్కడ ఫిజిక్ ప్రొఫెసర్ అయ్యి అంటువ్యాధుల గురించి లెక్చర్లు ఇచ్చాడు. జామెట్రీ పదవికి 2020లో సారా హార్ట్ వచ్చారు, 1597 తర్వాత ఆ కుర్చీలో మొదటి మహిళ ఆవిడే. ఆవిడ లెక్చర్లు రికార్డింగులు ఉన్నాయి, లెక్కలంటే భయపడేవాళ్ళు కూడా చూడొచ్చు, భయం పోతుందని నేను గట్టిగానే చెప్తా.

లెక్చర్లు ఎక్కువగా హోబర్న్‌లో బార్నార్డ్స్ ఇన్ హాల్‌లో ఉంటాయి, ఛాన్సరీ లేన్ స్టేషన్ దిగి నడవడమే, మెయిన్ రోడ్డు మీంచి ఒక సన్నటి సందులోకి వెళ్ళాలి, మొదటిసారి అయితే ఆ సందు దాటి ముందుకెళ్ళిపోతారు కాబట్టి పది నిమిషాలు ముందే వెళ్ళండి. హాల్ చిన్నది, పాతది, చెక్క గోడలు, రంగు అద్దాల కిటికీలు, వెనక కూర్చున్నా మాట్లాడే మనిషి మొహం కనిపిస్తుంది. మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకెళ్ళా, ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైర్ అయ్యారు. గుమ్మం దగ్గర ఆగి "టికెట్ ఎంతమ్మా?" అన్నారు, ఫ్రీ నాన్నా అంటే నమ్మలేదు, "మరి ఈ కరెంటు బిల్లు, ఆయన జీతం ఎవరిస్తారు?" అని అడిగారు. వీలునామా సంగతి చెప్పా. ఆయన ఏం మాట్లాడలేదు, లోపలికొచ్చి జేబులోంచి చిన్న డైరీ తీసి లెక్చర్ అంతా బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నారు, యాస సగం అర్థం కాలేదు గానీ బోర్డు మీద బొమ్మకి యాస ఉండదు కదా. అయిపోయాక ఆ ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళి డైరీ చూపించి ఒక గీత మీద వేలు పెట్టి ఇది ఇలాగే కదా అని సైగతోనే అడిగారు, ప్రొఫెసర్ పెన్ను అడిగి తీసుకుని అదే పేజీలో ఇంకో గీత గీసి చూపించాడు. వెనక మనుషులు నిలబడి ఉన్నా తొందరపడలేదు. గ్రెషమ్‌కి నేను పూర్తి మార్కులు ఇవ్వడానికి కారణం ఇలాంటివే, లెక్చర్ సరిగ్గా గంటలో ముగుస్తుంది, ఆ తర్వాత మనిషి దొరుకుతాడు.

ఇక రాయల్ ఇన్‌స్టిట్యూషన్, ఇది గ్రీన్ పార్క్ దగ్గర ఆల్బెమార్ల్ స్ట్రీట్‌లో. 1799లో పెట్టారు. హంఫ్రీ డేవీ అనే కెమిస్ట్ లెక్చర్లకి గుర్రబ్బళ్ళు ఎంత వచ్చేవంటే ఆ వీధిని లండన్‌లో మొట్టమొదటి వన్ వే చేశారని చెప్తారు. ఫారడే ఇక్కడే పని చేశాడు, ఇక్కడే ఉన్నాడు, పిల్లల కోసం క్రిస్మస్ లెక్చర్లు 1825లో మొదలయ్యాయి, రెండో ప్రపంచ యుద్ధం టైంలో ఆగాయి గానీ లేకపోతే ప్రతి ఏడాదీ జరుగుతూనే ఉన్నాయి, 1966 నుంచి టీవీలో కూడా. వాటికి మాత్రం నేరుగా వెళ్ళి కూర్చోవడం కష్టం, బ్యాలెట్ ఉంటుంది, అంటే లాటరీ, టీవీలోనే చూసుకోవాలి. శుక్రవారం సాయంత్రం డిస్కోర్స్ అని ఒకటుంది, అది ఫారడే కాలం నుంచి వస్తున్న పద్ధతి, గంట కొట్టగానే తలుపులు తెరుచుకుంటాయి, మాట్లాడేవాళ్ళు లోపలికొచ్చి నమస్కారాలు పరిచయాలు ఏం లేకుండా నేరుగా సబ్జెక్ట్‌లోకి దిగిపోతారు, గంట పూర్తవగానే ఆపేస్తారు. మాట్లాడేవాళ్ళని ముందుగా ఒక గదిలో పెట్టి తాళం వేసే ఆచారం కూడా ఉంది, 1846లో వీట్‌స్టన్ అనే శాస్త్రవేత్త ఆఖరి నిమిషంలో భయపడి మెట్లు దిగి పారిపోతే ఫారడే అప్పటికప్పుడు నిలబడి వెలుతురు గురించి తన ఊహలు చెప్పాడని, అప్పట్నుంచి ఇలా చేస్తున్నారని కథ.

మనకి ఆ హాల్లో ఇంకో సంగతి ఉంది. జగదీశ్ చంద్రబోస్ 1897 జనవరి 29న అక్కడ శుక్రవారం డిస్కోర్స్ ఇచ్చాడు, కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే విద్యుత్ తరంగాల మీద, కలకత్తాలో తను తయారు చేయించుకున్న పరికరాలు వెంట తెచ్చుకుని. మూడు నెలలు తిరగ్గానే, ఏప్రిల్ 30న, అదే హాల్లో జె.జె. థామ్సన్ వచ్చి పరమాణువు కన్నా చిన్న కణం ఉందని చెప్పాడు, మనం ఇప్పుడు ఎలక్ట్రాన్ అంటున్నది అదే. ఒక్క సీజన్‌లో టికెట్ కొనుక్కుని ఆ రెండూ విన్నవాళ్ళు ఎంత అదృష్టవంతులో అనిపిస్తుంది నాకు, ఆ మెట్ల వరసల్లో కూర్చున్న ప్రతిసారీ.

ఇక్కడ టికెట్ ఉంటుంది, స్టూడెంట్లకి తగ్గింపు ఉంటుంది, ఆన్‌లైన్‌లో లైవ్ చూసే అవకాశం కూడా చాలావాటికి ఇస్తారు, కానీ ఆన్‌లైన్ వద్దు, వెళ్ళండి, ఎందుకంటే ఇక్కడ డెమోలు చేస్తారు. హాల్ బాగా ఏటవాలుగా, అర్ధచంద్రంలా ఉంటుంది, పై వరసలో కూర్చున్నా కింద బల్ల మీద ఏం జరుగుతోందో తెలుస్తుంది. నేను చూసినవాటిల్లో మర్చిపోలేనిది ద్రవ ఆక్సిజన్. ఒక పెద్ద అయస్కాంతం, దాని రెండు ధ్రువాల మధ్య వేలు పట్టేంత ఖాళీ. ముందు ద్రవ నైట్రోజన్ పోశారు, అది నేరుగా కిందకి జారిపోయింది, పొగలు తప్ప ఏం లేదు. తర్వాత ఇంకో ఫ్లాస్క్ తీసి, ఇప్పుడేమవుతుందో చెయ్యెత్తి చెప్పమన్నారు, సగం మంది ఇది కూడా జారిపోతుందన్నారు. పోశారు. లేత నీలం రంగులో ఉన్న ఆ ద్రవం జారిపోలేదు, రెండు ధ్రువాల మధ్య అతుక్కుని వేలాడుతూ అక్కడే కుతకుతా మరిగి మాయమైపోయింది. హాల్ మొత్తం ఒక్కసారి ముందుకు వంగింది. గాల్లో ఐదో వంతు ఉన్న ఆక్సిజన్, మనం రోజూ పీల్చేది, దాన్ని అయస్కాంతం లాగుతుందని స్కూల్లో ఎవరైనా చెప్పారా? నాకైతే చెప్పలేదు. అణువులో రెండు ఎలక్ట్రాన్లు జత లేకుండా ఒంటరిగా ఉండిపోతాయి, ఆ రెండే చిన్న అయస్కాంతాల్లా పనిచేస్తాయి, నైట్రోజన్‌లో అన్నీ జతగా ఉంటాయి కాబట్టి దానికి ఏం కాదు. మైనస్ 183 డిగ్రీల దగ్గర మరిగే ఈ ద్రవానికి ఆ గుణం ఎంత గట్టిగా ఉందో 1891లో చూపించింది ఇదే సంస్థలో పనిచేసిన జేమ్స్ డ్యూయర్, మన ఇళ్ళల్లో ఉండే థర్మాస్ ఫ్లాస్క్ కూడా ఆయన అలాంటి చల్లటి ద్రవాలు దాచుకోడానికి చేసుకున్నదే. కింద బేస్‌మెంట్‌లో ఫారడే మ్యూజియం ఉంది, ఫ్రీ, సాయంత్రం లెక్చర్‌కి వచ్చినప్పుడు అది మూసేసి ఉండొచ్చు కాబట్టి పగలు విడిగా వెళ్ళండి, ఆయన తీగ చుట్టిన ఇనుప రింగు చూడండి, 1831లో దాంతోనే విద్యుత్ ప్రేరణ, అంటే ఒక తీగలో కరెంటు మారితే పక్క తీగలో కరెంటు పుట్టడం, కనిపెట్టాడు, మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కి తాత అది.

అక్కడి నుంచి కాస్త దూరంలోనే పికాడిలీలో బర్లింగ్టన్ హౌస్ ఉంటుంది, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ, జియలాజికల్ సొసైటీ, లిన్నియన్ సొసైటీ అన్నీ ఒకే ప్రాంగణంలో. ముగ్గురూ జనానికి లెక్చర్లు పెడతారు, ఆస్ట్రనామికల్ వాళ్ళు చాలాసార్లు ఒకే లెక్చర్‌ని మధ్యాహ్నం ఒంటిగంటకి ఒకసారి సాయంత్రం ఆరింటికి ఒకసారి ఇప్పిస్తారు, ఉద్యోగాలు చేసేవాళ్ళకి ఇది పెద్ద ఉపకారం. ఇది కూడా ఫ్రీ. నేను అక్కడికి వెళ్ళినప్పుడు వినేది ఒకటైతే మనసులో తిరిగేది ఇంకొకటి, 1935 జనవరి 11న ఆ సొసైటీ మీటింగ్‌లోనే 24 ఏళ్ళ మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లేచి, ఒక హద్దు దాటిన బరువున్న నక్షత్రం ఇంధనం అయిపోయాక తెల్ల మరుగుజ్జుగా, అంటే కుంచించుకుపోయిన చిన్న నక్షత్రంగా, ఆగలేదని, కుంచించుకుపోతూనే ఉంటుందని లెక్కలు చూపించి చెప్పాడు, వెంటనే అప్పటికే పెద్ద పేరున్న ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ లేచి అందరి ముందూ ఎగతాళి చేసి కూర్చోబెట్టాడు, హాల్లో నవ్వులు. ఆ ఎడింగ్టన్ పేరు ప్రపంచానికి తెలిసింది కూడా ఇక్కడే, 1919 నవంబర్ 6న బర్లింగ్టన్ హౌస్‌లోనే సూర్యగ్రహణం ఫొటోల ఫలితాలు చెప్పి, సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రాల వెలుతురు ఎంత వంగుతుందో చెప్పిన ఐన్‌స్టీన్ రైట్ అన్నారు. చంద్రశేఖర్‌కి నోబెల్ 1983లో వచ్చింది. సూర్యుడికి దాదాపు 1.4 రెట్లు అనే ఆ హద్దుకి ఇప్పుడు ఆయన పేరే. ఇక్కడికి వెళ్ళబోయే మన పిల్లలకి ఈ కథ దారిలో ట్యూబ్‌లోనే చెప్పండి, ప్రశ్న అడగడానికి చెయ్యెత్తాలంటే జంకేవాళ్ళకి చాలా పనికొస్తుంది.

ఇప్పుడు డబ్బులు పోయిన సంగతి. పేరున్న మనిషి, పెద్ద హాలు, టికెట్ నలభై పౌండ్ల పైన, అలాంటివి ఈ ఊళ్ళో చాలా జరుగుతాయి. ఒకదానికి వెళ్ళా, ఎవరు పెట్టారో వద్దు. స్టేజీ మీద రెండు సోఫాలు, ఒక యాంకర్, వెనక పుస్తకం అట్ట బొమ్మ. గంటన్నరలో ఆయన చిన్నప్పటి కబుర్లు, ఎవరెవరితో భోజనం చేశాడు, విశ్వం ఎంత పెద్దదో తలుచుకుంటే మనమెంత అని కొన్ని మాటలు, అంతే, ఒక్క గ్రాఫ్ లేదు, ఒక్క ఫొటో గురించి ఇది ఏ టెలిస్కోప్‌తో ఎలా తీశారు అన్న మాట లేదు. ప్రశ్నలకి పది నిమిషాలు కూడా ఇవ్వలేదు, అందులో మైకు దొరికిన మొదటి మనిషి ప్రశ్న అడక్కుండా తన సొంత సిద్ధాంతం చెప్పుకున్నాడు, యాంకర్ ఆపలేదు. బయట పుస్తకం సంతకాల క్యూ మాత్రం పొడుగ్గా ఉంది. ఆయన మంచి శాస్త్రవేత్తే, ఆ రంగంలో ఆయన చేసిన పని గొప్పది, అందుకే ఇంకా కోపం వచ్చింది, ఆ మనిషి తన పని గురించి చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఇంకో రకం కూడా జాగ్రత్త, ఏఐ గురించి "పబ్లిక్ టాక్" అని పెడతారు, వెళ్ళాక తెలుస్తుంది అది ఒక కంపెనీ సరుకు అమ్ముకునే ప్రోగ్రామ్ అని, బయటికొచ్చేటప్పుడు ఈమెయిల్ అడుగుతారు. పోస్టర్ మీద ఆ మనిషి ఏం పరిశోధన చేశారో ఒక్క ముక్క లేకుండా స్పాన్సర్ల లోగోలు మాత్రమే ఉంటే వెళ్ళకండి.

పింట్ ఆఫ్ సైన్స్ గురించి అందరూ అడుగుతారు. మే నెలలో మూడు రాత్రులు పబ్బుల్లో సైంటిస్టులు మాట్లాడతారు, 2013లో ఇక్కడ, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో మొదలై ఇప్పుడు చాలా దేశాలకి పాకింది. టికెట్ తక్కువే. తాగని వాళ్ళు ఇబ్బంది పడక్కర్లేదు, జ్యూస్ పట్టుకుని కూర్చోవచ్చు, ఎవరూ పట్టించుకోరు. మాట్లాడేది ఎక్కువగా పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ చేస్తున్న కుర్రవాళ్ళు, అందుకే నాకిష్టం, నిన్న ల్యాబ్‌లో ఏది పాడైందో కూడా చెప్పేస్తారు. పబ్బుని బట్టి మాట వినపడకపోవడం మామూలే, ముందు వరసలో కూర్చోండి. సైన్స్ మ్యూజియం రాత్రి ప్రోగ్రాములు, వాటిని లేట్స్ అంటారు, 18 దాటినవాళ్ళకే, స్నేహితులతో సరదాగా తిరగడానికి బాగుంటాయి గానీ నేర్చుకోడానికి అని వెళ్తే గోలలో ఏం మిగలదు. యూసీఎల్, అంటే యూనివర్సిటీ కాలేజ్ లండన్, వాళ్ళ లంచ్ అవర్ లెక్చర్లు 1942 నుంచి జరుగుతున్నాయి, నలభై నిమిషాలు, ఆ చుట్టుపక్కల పనిచేసేవాళ్ళు లంచ్ బాక్స్ తిని వెళ్ళిపోవచ్చు, ఇవి ఈ మధ్య ఆన్‌లైన్‌లో కూడా ఎక్కువ పెడుతున్నారు.

అన్నిటికంటే పైన నేను పెట్టేది రాయల్ సొసైటీ సమ్మర్ ఎగ్జిబిషన్. జూలై మొదట్లో, కార్ల్‌టన్ హౌస్ టెరస్‌లో ఆ సొసైటీ బిల్డింగ్‌లోనే, ఫ్రీ. దేశంలోని యూనివర్సిటీల నుంచి టీములు వచ్చి స్టాల్స్ పెడతాయి, స్టాల్ దగ్గర నిలబడేది పీఆర్ మనుషులు కాదు, ఆ పని చేసినవాళ్ళే. ఒక ఏడాది మా కొలీగ్ వాళ్ళ బాబుని తీసుకెళ్ళా, ఎనిమిదేళ్ళుంటాయి. గురుత్వ తరంగాలు, అంటే అంతరిక్షంలో చాలా బరువైనవి ఢీకొన్నప్పుడు పుట్టే అలలు, వాటి స్టాల్ దగ్గర ఒక చిన్న బల్ల, దాని మీద లేజర్, కాంతిని రెండుగా చీల్చే గాజు పలక, రెండు అద్దాలు, తిరిగొచ్చిన రెండు కిరణాలు కలిసి ఒక తెల్ల అట్ట మీద ఎర్రటి వలయాలు. బాబు బల్ల మీద వేలితో మెల్లగా తట్టాడు, వలయాలు వణికాయి. అక్కడున్న రీసెర్చర్, బహుశా పాతికేళ్ళ అమ్మాయి, ఈ తరంగాల్ని పట్టే అసలు యంత్రంలో ఒక్కో చెయ్యి 4 కిలోమీటర్లు ఉంటుంది, 40 కిలోల అద్దాన్ని అరమిల్లీమీటర్ కూడా లేని గాజు దారాలతో వేలాడదీస్తాం, నేను చేసేది ఆ దారాల పనే అని ఒక దారం తీసి చూపించింది. 2015 సెప్టెంబర్ 14న మొదటిసారి తరంగం వచ్చినప్పుడు అద్దాల మధ్య దూరం ప్రోటాన్ వెడల్పులో దాదాపు వెయ్యో వంతే మారిందని చెప్పింది. అప్పుడు బాబు అడిగాడు, "మరి అది లారీ వెళ్తే కదిలింది కాదని మీకెలా తెలుసు?"

ఆ అమ్మాయి నవ్వి ఊరుకోలేదు, మోకాళ్ళ మీద కూర్చుని వాడి ఎత్తుకి వచ్చి చెప్పింది. అమెరికాలో ఈ మూల ఒకటి ఆ మూల ఒకటి, 3000 కిలోమీటర్ల దూరంలో రెండు యంత్రాలు పెట్టాం, ఒక లారీ రెండు చోట్లా ఒకేసారి వెళ్ళలేదు కదా, ఆ రోజు రెండిట్లోనూ ఒకే ఆకారంలో వణుకు వచ్చింది, రెండిటి మధ్య తేడా 7 మిల్లీసెకన్లు, కాంతి ఆ దూరం దాటడానికి పట్టే 10 మిల్లీసెకన్ల లోపే, అందుకే నమ్మాం అంది. వాడు కాసేపు ఆలోచించి "మరి రెండు చోట్లా రెండు లారీలు వెళ్తే?" అన్నాడు. అదే మేము ముందు చూసుకున్నది అని, యంత్రం చుట్టూ నేల కదలిక, గాలి, శబ్దం, అయస్కాంత క్షేత్రం అన్నీ కొలిచే సెన్సర్లు ఉంటాయని, అనుకోకుండా రెండూ అలా కలిసే అవకాశం ఎంతో లెక్కగట్టడానికి రోజుల తరబడి డేటా తీశారని చెప్పింది. పెద్దవాళ్ళం వెనక నిలబడి విన్నాం, నోరెత్తలేదు ఎవరూ. నలభై పౌండ్ల హాల్లో గంటన్నరలో దొరకనిది ఇక్కడ ఒక పిల్లాడి రెండు ప్రశ్నలకి ఐదు నిమిషాల్లో దొరికింది, పైసా తీసుకోలేదు. రాయల్ సొసైటీ ముద్ర మీద ఉండే మాటకి అర్థం కూడా అదే, ఎవరో చెప్పారని ఒప్పుకోవద్దని. పని రోజుల్లో స్కూలు పిల్లల బస్సులు వస్తాయి, రద్దీ ఉంటుంది, పిల్లలతో వెళ్ళేవాళ్ళు శని ఆదివారాలు పొద్దున్నే తలుపు తీసే టైంకి వెళ్ళండి. జూన్‌లో సౌత్ కెన్సింగ్టన్‌లో గ్రేట్ ఎగ్జిబిషన్ రోడ్ ఫెస్టివల్ కూడా ఉంటుంది, అది కూడా ఫ్రీనే, వీధి మూసేసి జాతరలా చేస్తారు, చిన్నపిల్లలకి అది నచ్చుతుంది, నాకు మాత్రం ఎవరితోనూ నింపాదిగా మాట్లాడ్డం కుదరదు.

ఆకాశం చూడాలనుకునేవాళ్ళకి హాంప్‌స్టెడ్ అబ్జర్వేటరీ చెప్తా. హాంప్‌స్టెడ్ సైంటిఫిక్ సొసైటీ అని 1899లో పెట్టుకున్న సంఘం, మామూలు మనుషులు నడుపుతారు, జీతాలు లేవు. చలికాలం నెలల్లో శుక్ర శనివారాలు రాత్రి, ఆకాశం క్లియర్‌గా ఉంటేనే తెరుస్తారు, ఫ్రీ, ఇష్టముంటే హుండీలో వేస్తారు. ట్యూబ్ స్టేషన్ లండన్ మొత్తంలో లోతైనది, లిఫ్ట్‌లో పైకొచ్చి మళ్ళీ కొండెక్కినట్టు నడిస్తే ఊళ్ళో ఎత్తైన చోటికి వస్తారు. చిన్న గుమ్మటం, లోపల ఆరంగుళాల కుక్ టెలిస్కోప్, పొడుగాటి ఇత్తడి పరికరం, వందేళ్ళు దాటింది, ఇంకా నిక్కచ్చిగా పనిచేస్తోంది. నేను గురుగ్రహం చూశా, లేత గోధుమ రంగు పళ్ళెం, మధ్యలో రెండు గీతలు, పక్కన ఒకే వరసలో చుక్కలు, గెలీలియో 1610లో చూసిన చంద్రుళ్ళు. వాలంటీర్‌గా ఉన్న పెద్దాయన, బహుశా డెబ్బై దాటాయి, ప్రతి మనిషికీ నిచ్చెన పట్టుకుని "ముందు ఏం కనిపిస్తోందో చెప్పండి, తర్వాత నేను చెప్తా" అనేవాడు. గ్లవ్స్, టోపీ లేకుండా వెళ్ళొద్దు, గుమ్మటంలో హీటర్ పెట్టరు, పెడితే వేడిగాలికి బొమ్మ వణుకుతుంది. రీజెంట్స్ పార్క్‌లో బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్ ఆస్ట్రానమర్స్ అని ఇంకో గుంపు, వాళ్ళు సొంత టెలిస్కోపులు తెచ్చి ఎవరొచ్చినా చూపిస్తారు. గ్రీనిచ్ పేరు పెద్దది, ప్లానెటేరియం షోలు అక్కడ రికార్డింగ్ కాకుండా ఆస్ట్రానమర్ నిలబడి చెప్తారు, అది వాళ్ళ గొప్ప, టికెట్ ఉంటుంది, ఏది తెరిచి ఉందో చూసుకుని వెళ్ళండి.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. సెప్టెంబర్‌లో పంప్ హ్యాండిల్ లెక్చర్ జరుగుతుంది, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో. 1854లో సోహోలో కలరా వచ్చి జనం చచ్చిపోతుంటే జాన్ స్నో అనే డాక్టర్ ఇంటింటికీ తిరిగి, చనిపోయినవాళ్ళు ఎక్కడి నీళ్ళు తాగారో అడిగి, బ్రాడ్ స్ట్రీట్ బోరింగు పంపు దగ్గర తేల్చాడు, సెప్టెంబర్ 8న దాని పిడి పీకించారు. కలరా గాలి వల్ల వస్తుందని అప్పటి పెద్దలందరూ నమ్మే రోజులవి. పబ్లిక్ హెల్త్‌లో పనిచేసేవాళ్ళు ఎవరో ఒకరు ప్రతి ఏడాదీ మాట్లాడతారు, ఆచారంగా ఒక పంపు పిడి తీస్తారు. ముందు రోజో అదే రోజో బ్రాడ్‌విక్ స్ట్రీట్ వెళ్ళి ఆ పంపు నమూనా చూసి, చుట్టూ వీధులు ఒకసారి నడిచి, తర్వాత లెక్చర్‌కి వెళ్ళండి, ఎంత చిన్న చోట ఎంత పని జరిగిందో తెలుస్తుంది. మెడికల్, నర్సింగ్, డేటా సైన్స్ చదువుతున్నవాళ్ళు దీన్ని అస్సలు వదలొద్దు.

కొన్ని మామూలు సంగతులు. ఫ్రీ టికెట్ బుక్ చేసి వెళ్ళకపోవడం చాలామంది చేస్తున్నారు, దయచేసి చెయ్యకండి, బయట వెయిటింగ్ లిస్ట్‌లో స్టూడెంట్లు నిలబడి ఉంటారు, కుదరకపోతే ముందు రోజే క్యాన్సిల్ కొట్టండి. టికెట్లు అయిపోయాయని కనిపించినా ఆశ వదలొద్దు, ఫ్రీ లెక్చర్లకి తలుపు దగ్గరికి వెళ్తే చాలాసార్లు సీటు దొరుకుతుంది. యాస అర్థం కావట్లేదనిపిస్తే ఆ మనిషి పాత లెక్చర్ ఒకటి ఇంట్లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసి వెళ్ళండి, గ్రెషమ్, రాయల్ ఇన్‌స్టిట్యూషన్ రెండిటివీ యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి. ప్రశ్న ఇంగ్లీషులో తడబడుతుందనుకుంటే కాగితం మీద ఒక్క వాక్యం రాసుకుని చదివేయండి, ఇక్కడ ఎవరూ నవ్వరు, చిన్న ప్రశ్నకే మంచి జవాబు వస్తుంది. అందరి ముందు వద్దనుకుంటే అయిపోయాక స్టేజీ దగ్గరికి వెళ్ళండి, నాకు బాగా గుర్తుండిపోయినవి ఎక్కువగా అక్కడ విన్నవే. కొత్తగా సెప్టెంబర్‌లో దిగేవాళ్ళు ముందు పంప్ హ్యాండిల్ లెక్చర్‌తో మొదలుపెట్టి, అక్టోబర్ నుంచి గ్రెషమ్‌కి వెళ్తూ, చలికాలంలో ఆకాశం తేటగా ఉన్న రాత్రి హాంప్‌స్టెడ్ ఎక్కి, చేతిలో డబ్బులుంటే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో డెమో ఉన్న లెక్చర్ ఒకటి చూసుకుని, జూలై మొదటి వారం క్యాలెండర్‌లో ఇప్పుడే మార్క్ చేసి పెట్టుకోండి.